యాంటీబాడీ పరీక్షల కచ్చితత్వం – 3వ పాఠం: రెండు కిట్లకూ పేచీ ఎక్కడ?

సెన్సిటివిటీ (ఇన్‌ఫెక్షన్ సోకినవాళ్లలో ఎంతమందిని కిట్టు పట్టుకుంది), స్పెసిఫిసిటీ (సోకనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా నెగెటివ్ అంది) లెక్కకట్టడం కిందటి పాఠాల్లో చూశాం. ఇప్పుడు కిట్టును కిట్టుతో పోల్చాలి. ఒక పెట్టె మీద 90 శాతం, ఇంకోదాని మీద 94 శాతం అని ఉంటే రెండోదే మేలనిపిస్తుంది. కానీ ఆ అంకెలు వేర్వేరు రోగుల రక్తం మీద వచ్చినవైతే అసలు పోలికే కుదరదు. కోవిడ్‌నే తీసుకోండి: జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్లలో యాంటీబాడీలు సాధారణంగా ఎక్కువ, లక్షణాలే లేనివాళ్లలో తక్కువ. ఎవరి రక్తం పరీక్షించారన్నదే అంకెను మార్చేస్తుంది. అందుకే అవే నమూనాలను రెండు కిట్లతోనూ పరీక్షించాలి.

అలాగే చేశామనుకుందాం. పీసీఆర్‌లో (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షలో) ఇన్‌ఫెక్షన్ తేలిన 200 మంది సీరం. 'క' కిట్టు 180 పట్టుకుంది, 'చ' కిట్టు 188. ఇక్కడితో ఆగిపోయే నివేదికలే ఎక్కువ. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది.

రెండూ పాజిటివ్ అన్నవి 179, రెండూ నెగెటివ్ అన్నవి 11. ఈ 190 నమూనాలూ ఏది మేలో తేల్చలేవు, పక్కన పెట్టండి. రెండు కిట్లకూ పేచీ మిగిలిన 10లోనే: వాటిలో తొమ్మిదింటిని 'చ' మాత్రమే పట్టింది, ఒకదాన్ని 'క' మాత్రమే.

కిట్లు రెండూ సమానమే అయితే ఈ పదీ బొమ్మాబొరుసు ఆటే. నాణెం పదిసార్లు ఎగరేస్తే 1024 వరసల్లో పడొచ్చు. అందులో 9–1 గానీ 10–0 గానీ, ఎటువైపైనా సరే, ఒరిగేవి 22. అంటే సంభావ్యత దాదాపు 0.02. 'చ' ఆధిక్యం కాకతాళీయం అనడం కష్టం.

ఇప్పుడు మొత్తాలు అవే ఉంచి లోపలి లెక్క మారుద్దాం. రెండూ పట్టినవి 168, 'చ' మాత్రమే 20, 'క' మాత్రమే 12. శాతాలు మళ్లీ 94, 90లే! కానీ పేచీలు 32. ఇన్నిసార్లు నాణెం ఎగరేయకుండా క్విన్ మెక్‌నెమార్ 1947లో ఇచ్చిన సూత్రం ఉంది: రెండు పేచీల తేడాను వర్గం చేసి, వాటి మొత్తంతో భాగించడం. 8 వర్గం 64, దాన్ని 32తో భాగిస్తే 2. కాకతాళీయం అయ్యే సంభావ్యత 0.05 కన్నా తక్కువ అనాలంటే జవాబు 3.84 గీత దాటాలి, ఇది దాటలేదు. తేడా ఉందని గట్టిగా చెప్పలేం. పేచీలు పాతిక లోపు ఉంటే మాత్రం సూత్రాన్ని నమ్మకండి, నాణెం లెక్కే వేయండి.

లెక్క అయ్యాక, మొదటి ఉదాహరణలో 'చ' మాత్రమే పట్టిన ఆ తొమ్మిది నమూనాల దగ్గరికి వెళ్లి, లక్షణాలు మొదలైన ఎన్నో రోజున తీసినవో చూడండి. అన్నీ మొదటి వారానివైతే, 'చ' ఆధిక్యం తొలి రోజులకే పరిమితం కావచ్చు. పాత ఇన్‌ఫెక్షన్ల సర్వేకి అది పెద్దగా పనికిరాదు. నాకైతే సూత్రం కన్నా ఈ తనిఖీయే ముఖ్యం.

అభ్యాసం: ఇన్‌ఫెక్షన్ సోకని 150 మంది నమూనాల్లో 'క' మూడింటిని, 'చ' తొమ్మిదింటిని తప్పుగా పాజిటివ్ అన్నాయి. రెండూ కలిసి తప్పినవి 2. స్పెసిఫిసిటీలో తేడా నిజమేనా? సూత్రంతో ఒకసారి, నాణెంతో ఒకసారి చేయండి. జవాబులు రెండూ ఒకే మాట చెప్పవు. ఏది రాసుకోవాలో, ఎందుకో ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి. 4వ పాఠం అక్కడి నుంచే.