స్కీములో కమాండ్ లైన్, 4వ పాఠం: -ఐ ఒక్కటే ఎందుకు మొరాయించింది?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం దగ్గర చాలామంది ఒకేచోట ఆగిపోయారు. స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పదం వెతికే ప్రోగ్రాములో -ఎన్ (ఎన్ని వరుసలు చూపాలి) పనిచేస్తోంది, -హెచ్ పనిచేస్తోంది, -ఐ (పెద్ద-చిన్న అక్షరాల తేడా వదిలేయాలి) ఇస్తే మాత్రం "తెలియని ఆప్షన్" అంటోంది. తప్పు మీది కాదు, నేను చూపించిన దగ్గరిదారిది. అందుకే ఈసారి కొత్త సంగతికి కాస్త ఆలస్యంగా వస్తాం. (ఆంగ్లాక్షరాలను, ప్రొసీజర్ల పేర్లను పలికినట్టే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అసలు స్పెల్లింగే వాడండి.)

కమాండ్-లైన్ ఇచ్చే లిస్టులోంచి కుడర్‌తో మొదటిదైన ప్రోగ్రామ్ పేరు తీసేసి, ఒక్కో స్ట్రింగునూ స్ట్రింగ్->సింబల్‌తో సింబల్‌గా (పేరులా వాడే విలువగా) మార్చి, ఏ విలువ వస్తే ఏం చేయాలో చెప్పే కేస్‌లో పోల్చమన్నాను. కొందరు ఆ మార్పిడి మానేసి స్ట్రింగులనే నేరుగా కేస్‌లో పెట్టారు. అది ఎప్పటికీ కుదరదు. కేస్ పోల్చేది ఈక్వీ? అనే ప్రొసీజరుతో, అంటే స్ట్రింగుల విషయంలో రెండూ ఒకే వస్తువా అని చూస్తుంది. కమాండ్ లైన్ నుంచి వచ్చిన స్ట్రింగూ, మీరు కోడులో రాసిన స్ట్రింగూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా మెమరీలో వేర్వేరు వస్తువులు. ఎర్రర్ కూడా రాదు, ఏదీ కలవనప్పటి దారి అయిన ఎల్స్‌లోకి నేరుగా జారిపోతుంది. అందుకే ఈ తప్పు వెంటనే కంటపడదు.

ఇక -ఐ సంగతి. స్కీమ్ రీడర్ (మనం రాసిన కోడును ముందుగా చదివే భాగం) దృష్టిలో అది పేరు కాదు, సంఖ్య. మైనస్ ఒకటి వర్గమూలాన్ని ఐ అంటాం కదా, దాని రుణరూపం. స్కీమ్ భాషకు 2013లో వచ్చిన ఆర్7ఆర్ఎస్ ప్రమాణం +ఐ, -ఐ రెండింటినీ సంఖ్యలుగానే చదవాలంటుంది. గైల్‌లో (స్కీమ్ ప్రోగ్రాములను నడిపే ఒక సాఫ్ట్‌వేర్) (సింబల్? '-హెచ్) అని అడగండి, నిజం అంటుంది. (సింబల్? '-ఐ) అని అడగండి, అబద్ధం అంటుంది. ముందు కోట్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే కోట్ దాకా వచ్చేసరికే రీడర్ దాన్ని సంఖ్య చేసేసింది. కేస్‌లో మీరు రాసింది సంఖ్య, స్ట్రింగ్->సింబల్ ఇచ్చింది సింబల్. కంటికి ఒకేలా ఉన్న ఆ రెండూ ఎన్నడూ కలవవు. -1 లాంటి ఆప్షన్ పెట్టుకున్నా ఇదే గతి. నిలువు గీతల మధ్య |-ఐ| అని రాస్తే ఆర్7ఆర్ఎస్‌లో సింబల్ అవుతుంది కానీ, అలాంటి అతుకులు నాకు నచ్చవు. ఆప్షన్‌ను స్ట్రింగుగానే ఉంచి, షరతులను వరసగా చూసే కాండ్‌లో స్ట్రింగ్=?తో పోల్చండి. నా పాత సలహా కొట్టేయండి.

ఇదే ఉచ్చు -ఎన్ విలువ దగ్గర కూడా ఉంది. స్ట్రింగ్->నంబర్ విఫలమైతే #ఎఫ్ (అబద్ధం) ఇస్తుంది, అది అందరికీ తెలిసిందే. కానీ అది "1/2"నీ ఒప్పుకుంటుంది, "1ఈ3"నీ ఒప్పుకుంటుంది, "-ఐ"నీ ఒప్పుకుంటుంది! నంబర్? అని అడిగి ఊరుకుంటే సగం వరుస చూపించమన్నా ప్రోగ్రామ్ తలూపుతుంది. ఎగ్జాక్ట్-ఇంటిజర్? అని అడగండి, ఆపైన సున్నాకు తక్కువ కాదని చూడండి.

ఇప్పుడు ఈ పాఠం అసలు విషయం. స్కీముకు అదనపు సదుపాయాల ప్రతిపాదనల్లో ఒకటైన ఎస్ఆర్ఎఫ్ఐ-37లో, ఆప్షన్లను మన తరఫున విడదీసే ఆర్గ్స్-ఫోల్డ్ ఉంది:

(ఆర్గ్స్-ఫోల్డ్ (కుడర్ (కమాండ్-లైన్))
  ఆప్షన్లు
  తెలియనిది-వస్తే
  ఫైలు-పేరు-వస్తే
  #ఎఫ్ 10 '())

చివరి మూడూ విత్తనాలు, అంటే మొదలుపెట్టే విలువలు: పెద్ద-చిన్న అక్షరాల తేడా వదిలేయాలా, ఎన్ని వరుసలు, ఏ ఫైళ్లు. ప్రతి ఆప్షన్ ప్రొసీజరూ ఆప్షన్, పేరు, విలువలతోపాటు ఈ మూడింటినీ అందుకుని, మళ్లీ మూడూ వాల్యూస్‌తో తిరిగివ్వాలి. రెండే ఇస్తే ఎర్రర్ వస్తుంది. ఫైళ్లను కాన్స్‌తో లిస్టు ముందువైపు చేరుస్తాం కాబట్టి ఆఖర్న రివర్స్ చేయాలి. పొట్టి పేరు క్యారెక్టర్‌గా, పొడుగు పేరు స్ట్రింగుగా ఇస్తాం, కాబట్టి -ఐ ఇక్కడ ఏ పేచీ పెట్టదు. ఇదే పనికి గైల్‌లో గెటాప్ట్-లాంగ్ కూడా ఉంది కానీ, వేరే స్కీముకు మారితే అది వెంట రాదు. నేను ఆర్గ్స్-ఫోల్డే వాడతాను.

ఆప్షన్లకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చా అని ఒకరు అడిగారు. టెర్మినల్ యూటీఎఫ్-8లో ఉంటే --నిడివి=10 హాయిగా పనిచేస్తుంది. పొట్టి పేరుగా -ని మాత్రం పెట్టకండి. మన కంటికి ఒక అక్షరమైన "ని" స్కీముకు రెండు క్యారెక్టర్లు: న, దాని మీది గుడి. ఆర్గ్స్-ఫోల్డ్ వాటిని పక్కపక్కన పెట్టిన రెండు పొట్టి ఆప్షన్లనుకుంటుంది. "క్ష" అయితే ఏకంగా మూడు.

అభ్యాసం: ఆర్గ్స్-ఫోల్డ్ లేకుండా, మీ సొంత లూప్‌తో ఇవన్నీ సరిగ్గా నడిపించండి. -ఎన్ తర్వాత ఏమొచ్చినా అది దాని విలువే.

-ఐఎన్10 ఫైలు
-ఎన్ 10 -ఐ ఫైలు
-ఎన్ఐ ఫైలు (ఎర్రర్ రావాలి)
-ఎన్ -ఐ ఫైలు (ఇదీ ఎర్రరే)
-ఐ -- -ఎన్ (-- అంటే ఆప్షన్లు అయిపోయాయని, కాబట్టి ఇక్కడ -ఎన్ అన్నది ఫైలు పేరు)

నాలుగోదానికి ఎర్రర్ రాకపోతే స్ట్రింగ్->నంబర్ పేరా మళ్లీ చదవండి.