కొత్త కారు ఇంజిన్: మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడపాలి

కొత్త కారు చేతికొచ్చాక చాలామంది దాన్ని మరీ సుకుమారంగా నడుపుతారు. నలభై దాటనివ్వరు, తొందరగా టాప్ గేరులో వేసేసి యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు పెడతారు. చితకబాదడం ఎంత తప్పో ఇదీ దాదాపు అంతే తప్పు. కొత్త ఇంజిన్‌కు స్పీడు, లోడు తరచూ మారుతూ ఉండాలి, ఒకేచోట నిలవకూడదు.

కారణం సిలిండర్ లోపల ఉంది. పిస్టన్ కదిలే బోరు గోడ, అంటే సిలిండర్ లోపలి గోడ, కంటికి నున్నగానే కనిపిస్తుంది. కానీ ఫ్యాక్టరీలో హోనింగ్ రాళ్లతో దానిమీద ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకునే సన్నటి గీతలు కావాలనే పెడతారు. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. గీతల మధ్య మిగిలిన గట్లూ, పిస్టన్ చుట్టూ ఉండి గోడకు ఆనుకునే లోహపు రింగుల అంచులూ కొత్తలో రుద్దుకుని, రవంత అరిగి, ఒకదానికొకటి సరిపడేలా సర్దుకోవాలి. మెకానిక్కులు ‘రింగులు సెట్ కావడం’ అనేది దీన్నే.

రింగుకు తనదైన స్ప్రింగు బలం కొంత ఉంటుంది గానీ అది చాలదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మండిన గ్యాసు పై రింగు వెనకున్న గాడిలోకి దూరి దాన్ని గోడకేసి అదుముతుంది. అసలు పని ఆ ఒత్తిడిదే. వందల కిలోమీటర్లు తొక్కకుండానే నడిపితే రింగు పైపైన జారుతుంది, గోడమీద మిగిలిన ఆయిల్ కాలి గాజుపూతలా పేరుకుని గీతల్ని పూడ్చేస్తుంది. దీన్ని గ్లేజింగ్ అంటారు. ఆ తర్వాత బండి ఆయిల్ తాగడం మొదలుపెడితే చాలాసార్లు ఇంజిన్ విప్పి మళ్లీ హోనింగ్ చేయించాల్సి వస్తుంది. అలాగని మొదటి రోజే రెడ్ లైన్‌కు (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగానికి) తీసుకెళ్తే ఇంకా సర్దుకోని గట్లు అతిగా వేడెక్కి, ఆయిల్ పొర తెగి, గోడమీద గీరలు పడతాయి. ఇప్పటి ఇంజిన్లలో హోనింగ్ బాగా మెరుగైంది కాబట్టి రెండు ప్రమాదాలూ తగ్గాయి, పోలేదు.

ముందుగా మీ కారు మాన్యువల్ తెరవండి. రన్నింగ్-ఇన్, అంటే ఇంజిన్ సర్దుకునే ఈ తొలి దశ, కొన్నింటికి 1,000 కిలోమీటర్లు, కొన్నింటికి 2,000 దాకా ఉంటుంది. అందులో అంకె ఉంటే అదే పాటించాలి. లేకపోతే ఈ లెక్క పనికొస్తుంది: మొదటి 300 కిలోమీటర్లు రెడ్ లైన్‌లో సగం దాటొద్దు, ఆపైన 1,000 దాకా మూడింట రెండు వంతులు దాటొద్దు. అంటే 6,000 ఆర్‌పీఎం రెడ్ లైన్ ఉన్న పెట్రోల్ ఇంజిన్‌కు ముందు 3,000, తర్వాత 4,000. డీజిల్‌ రెడ్ లైన్ 4,500 అయితే 2,250, తర్వాత 3,000. పెడల్‌ను పూర్తిగా అడుగంటా తొక్కడం, ట్రెయిలర్ లాగడం ఈ వెయ్యిలో వద్దు.

రింగుల్ని సెట్ చేసే పద్ధతి ఇది. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చాక ఇంకో పది నిమిషాలు మామూలుగా నడపండి, ఎందుకంటే నీళ్లు వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదు. ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉండి, పెడల్ సగం నుంచి ముప్పాతిక వరకు తొక్కి, మీ పరిమితి దగ్గరికి రానివ్వండి. తర్వాత కాలు పూర్తిగా తీసేసి, క్లచ్ ముట్టుకోకుండా, గేరులోనే ఉంచి మళ్లీ 2,000కు దిగనివ్వండి. తొక్కినప్పుడు రింగు గోడకు అదుముకుంటుంది. పెట్రోల్ ఇంజిన్‌లో కాలు తీసినప్పుడు పుట్టే పీల్పుకు గోడమీదికి కాస్త ఆయిల్ ఎక్కి అరిగిన లోహపు రజనును కడుగుతుంది. ఇలా ఎనిమిది, పది సార్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు మామూలు డ్రైవింగ్. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి చేయండి. క్రూజ్ కంట్రోల్ జోలికి పోవద్దు. హైవే మీద తప్పనిసరైతే ఐదారు నిమిషాలకోసారి స్పీడు మార్చండి.

ఐదో గేరులో 1,200 ఆర్‌పీఎం దగ్గర ఎత్తు ఎక్కిస్తూ పెడల్ తొక్కితే ఇంజిన్ లాగలేక వణుకుతుంది. బేరింగుల మీద పడే బరువు చాలా ఎక్కువ, ఆ వేగంలో ఆయిల్ పొర పల్చన. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఇంధనం సమయానికి ముందే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. గేరు దించండి.

పొద్దున్నే పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం వల్ల మేలు లేదు. చల్లటి ఇంజిన్‌లోకి ఇంధనం ఎక్కువ పడుతుంది, అది గోడమీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి, మెల్లగా బయలుదేరండి. రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలే చేస్తూ పోతే డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంది, వాసన చూస్తే పెట్రోల్ కొడుతుంది. అది కనిపిస్తే ఆయిల్ మార్చాల్సిందే.

డిప్‌స్టిక్ ప్రతి 300 కిలోమీటర్లకు చూడండి. చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపాక ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, తుడిచి మళ్లీ ముంచి తీయాలి. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య చాలా కార్లలో సుమారు లీటరు ఉంటుంది. సగానికి దిగితే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే 200 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ చూసుకోండి. గరిష్ఠం దాటితే కింద తిరిగే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగులను కాపాడలేదు. రాపిడి తగ్గిస్తాయని అమ్మే అడిటివ్‌లు ఇప్పుడు అసలే వద్దు: మనకిప్పుడు కావలసిందే ఆ కాస్త రాపిడి. సింథటిక్ ఆయిల్‌తో రింగులు సెట్ కావన్న మాటను మాత్రం పట్టించుకోకండి, ఎన్నో కార్లు ఫ్యాక్టరీ నుంచే దానితో వస్తున్నాయి.

కొత్త టైర్ల మీద అచ్చు నుంచి తీయడానికి వాడిన పూత కొంత ఉంటుంది, మొదటి 300 కిలోమీటర్లు తడి రోడ్డు మీద పట్టు తక్కువ. నిల్వలో గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు, కొలిపించండి. బ్రేకులూ సర్దుకోవాలి: గంటకు 60 కిలోమీటర్ల నుంచి 20కి మోస్తరుగా నొక్కుతూ ఓ పది సార్లు వేగం తగ్గించండి, మధ్యలో నిమిషం చల్లారనిస్తూ. వేడిగా ఉన్నప్పుడు పూర్తిగా ఆపి పెడల్ నొక్కి ఉంచితే డిస్క్ మీద ప్యాడ్ ముద్ర పడి తర్వాత స్టీరింగ్ అదురుతుంది.

తొలి రోజుల్లో బానెట్ దగ్గర కాలిన వాసన, ఎగ్జాస్ట్ గొట్టం నుంచి పల్చటి పొగ రావచ్చు. లోహం మీద పూసిన రక్షణ పూత కాలడమే అది. నీలిపొగ వారాలపాటు ఆగకపోతే సర్వీసులో చూపించాలి. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే మాత్రం ఇంటిదాకా అనుకోకుండా అక్కడే ఆపండి.

వెయ్యి దాటగానే రెడ్ లైన్‌కు పరుగెత్తకుండా, ప్రతి వంద కిలోమీటర్లకు ఓ 500 ఆర్‌పీఎం పెంచుకుంటూ పోండి. ఓడోమీటర్ అంకె, ఆయిల్ మట్టం ఒకచోట రాసుకుంటుంటే, వరుసగా మూడు సార్లు మట్టం దిగకపోవడం చూసి రింగులు సెట్ అయ్యాయని తెలుసుకోవచ్చు.