పదిహేను మందికి వండినా అన్నం ముద్ద కాకుండా: నా అనుభవం

నలుగురికి వండితే పొడిపొడిగా వచ్చే అన్నం, ఇంటికి చుట్టాలు, స్నేహితులు కలిసి పదిహేను మంది వస్తే మాత్రం అడుగున ముద్ద, పైన పలుకు. నీళ్లు తగ్గించాను, నూనె వేశాను, పెద్ద కుక్కర్ అరువు తెచ్చాను, లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది గంజి వార్చడమే. బియ్యం ఎక్కువయ్యే కొద్దీ ఆవిరయ్యే నీళ్లు అదే లెక్కన పెరగవు కాబట్టి, కొలత ప్రకారం పోసినా నీళ్లు మిగిలిపోతాయి. వార్చేస్తే ఆ కొలత టెన్షనే ఉండదు.

కిలోన్నర బియ్యం కడిగి అరగంట నానబెట్టాను. రెండు గిన్నెల్లో నీళ్లు బాగా తెర్లనిచ్చి, ఉప్పు వేసి, బియ్యం సగం సగం వేశాను. ఒక్కసారే, అడుగంటకుండా కలిపాను. ఐదో నిమిషం నుంచి మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి చూస్తూ ఉన్నాను. అంచులు మెత్తగా నలిగి, మధ్యలో ఆవగింజంత తెల్ల చుక్క కనబడగానే వార్చేశాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ చుక్క పోయేదాకా ఆగితే మళ్లీ ముద్దే. గంజి పూర్తిగా కారాక మూతపెట్టి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచాను. దించాక ఇంకో పది నిమిషాలు మూత తీయలేదు. తర్వాత వెడల్పాటి పళ్లెంలోకి అట్లకాడతో పక్కల నుంచి తీశాను, గరిటెతో కలపలేదు.

నావి పాత బియ్యం. కొత్త బియ్యమైతే ఇంకా ముందే వార్చాలేమో. ఉప్పుడు బియ్యంతో నేను చేసి చూడలేదు. ముందు రోజు రెండు గుప్పెళ్లతో ఒకసారి చూసుకోండి.