కానుకలు తగ్గాయా, పండుగలకి జనం రావడం లేదా? ముందు ఇవి చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో పెద్దలు ఎక్కడ కూర్చున్నా రెండు మాటలు తప్పకుండా వస్తాయి. కానుకలు పడిపోయాయి, సభలకి జనం రావడం లేదు. వెంటనే ఎవరో ఒకరు పాస్టరుతో "అయ్యగారూ, ఈ నెలంతా దశమభాగం (సంపాదనలో పదో వంతు ఇవ్వడం) మీద వాక్యం చెప్పండి" అంటారు. వాక్యం చెప్పొచ్చు, తప్పు లేదు. కానీ మన జనానికి ఇచ్చే మనసు తక్కువ కాదని నా గట్టి నమ్మకం. ఆ మనసుకి ఏదో అడ్డం పడుతోంది. అది తీయకుండా ప్రసంగం మీద ప్రసంగం పెడితే, ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా వెనక్కి జరుగుతారు.

సమస్య: ఆరాధనకి జనం బాగానే వస్తున్నారు, కానుక మాత్రం తగ్గింది

చాలాసార్లు కారణం లెక్క. ఎవరో తిన్నారని కాదు. కోశాధికారి ఎంత నిజాయితీపరుడైనా, లెక్కల పుస్తకం ఆయన ఇంట్లో బీరువాలో ఉంటే "ఆ డబ్బు ఏమవుతోంది?" అన్న మాట ఇంటింటికీ తిరుగుతుంది.

నెల మొదటి ఆదివారం ప్రభు బల్లకి (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకి) అందరూ వస్తారు కదా, ఆ రోజు ఒక కాగితం గోడకి అంటించండి. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. వచ్చింది ఇంత, అయ్యగారి జీతం ఇంత, కరెంటు బిల్లు ఇంత, మైకు రిపేరు ఇంత, జబ్బుపడిన ఒక కుటుంబానికి ఇంత (పేరు రాయకండి), మిగిలింది ఇంత. కానుకల సంచి లెక్క చర్చిలోనే, వేరు వేరు కుటుంబాల వాళ్ళు ఇద్దరు కూర్చుని చూడాలి. యెరూషలేము పేదల కోసం సంఘాలు పోగుచేసిన సొమ్ముని పౌలు ఒంటరిగా పట్టుకెళ్ళలేదు. తనమీద ఎవరూ తప్పు మోపకూడదని సంఘాలు ఏర్పరచిన సహోదరుడిని వెంట పెట్టుకున్నాడు. బైబిల్లో రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. అపొస్తలుడికే ఆ జాగ్రత్త అవసరమైతే మనకెందుకు అక్కర్లేదు?

సమస్య: కోత పండుగకి కూలి కుటుంబాలు రావు

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇదే. కోత పండుగంటే పంటలో కొంత దేవుడికి కానుకగా తెచ్చి, సంఘం కోసం వేలం వేసే రోజు. బల్ల మీద కొత్త బియ్యం, సొరకాయలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు. వేలం మొదలవుతుంది. యాభై దగ్గర మొదలైన గుమ్మడికాయ ఇద్దరు ఉద్యోగస్థుల పంతంతో ఐదొందలకి పోతుంది. అందరూ చప్పట్లు. వెనక చాప మీద కూర్చున్న ఒక అమ్మ, కొంగులో మూట కట్టి తెచ్చిన కందులు ఎప్పుడు ఇవ్వాలో తెలీక అలాగే పట్టుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత మైకులో పేర్లు, పేరు పక్కన మొత్తాలు. వచ్చే ఏడాది ఆమె "ఒంట్లో బాగోలేదు" అంటుంది. ఆ అమ్మ పిసినారి కాదు. నలుగురిలో చిన్నబోయింది.

మొత్తాలు మైకులో చదవడం ఈ ఏడాదే ఆపేయండి. రసీదు ఇస్తే చాలు. తన పేరు వినపడలేదని ఒకరిద్దరు అలుగుతారు. అయ్యగారు వెళ్ళి మంచిగా మాట్లాడితే సర్దుకుంటారు. కానుకలు శనివారం సాయంత్రమే తీసుకుని, ఎవరివో తెలియకుండా అన్నీ కలిపి బల్ల మీద సర్దండి. వేలం మానక్కర్లేదు, అదొక సంబరం. కాకపోతే సగం సరుకు పదికీ ఇరవైకీ పొట్లాలు కట్టి పక్కన పెడితే అందరూ ఏదో ఒకటి కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్తారు.

తేదీ కూడా చూసుకోండి. వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో ముమ్మరంగా ఉంటాయి. ఆ రోజుల్లో ఆదివారం కూడా కూలి పని దొరుకుతుంది, దాన్ని వదులుకోమనడం న్యాయం కాదు. నూర్పులయ్యాక, ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చాక జనవరిలో పెట్టుకుంటే ఇవ్వడానికీ ఉంటుంది, రావడానికీ తీరిక ఉంటుంది. డబ్బు లేనివాళ్ళు పందిరి వేస్తారు, ప్రేమవిందుకి (సంఘమంతా కలిసి తినే భోజనానికి) వండుతారు. ఆ పనిని కూడా లెక్కల కాగితంలో "రెండు రోజుల కూలి, కానుక" అని రాయండి.

సమస్య: చర్చి కప్పు కారుతున్నా ఎవరూ కదలరు

దీని వెనక పాత అలవాటుంది. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీలు తర్వాత పర్లాకిమిడి వైపూ వచ్చారు. కోరాపుట్ వైపు 1882లో జర్మనీ లూథరన్లు వచ్చారు. బడులు, ఆస్పత్రులు, చర్చిలు వాళ్ళే చూసుకున్నారు. ఆ రోజులు పోయినా "మిషన్ చూసుకుంటుందిలే" అన్న మాట పోలేదు. ఇక్కడ "భవన నిధికి ధారాళంగా ఇవ్వండి" అంటే పైసా రాలదు. రేకు ధర కనుక్కుని, ఎన్ని రేకులు కావాలో చెప్పి, ఇంటికో రేకు అడగండి. ఒక రేకు కూడా కొనలేనివాళ్ళు ఇద్దరు ముగ్గురు కలుస్తారు.

సమస్య: యువకులు, పిల్లలు కార్యక్రమాలకి ముఖం చాటేస్తున్నారు

ఫోన్లని తిట్టే ముందు ఒక్కసారి పాటల పుస్తకం వాళ్ళ చేతికిచ్చి చదవమనండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఆ రాష్ట్రంలోకి వెళ్ళింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో ఒడియా రాస్తారు. పాట నోటికొచ్చు, అక్షరం రాదు. అందరూ పుస్తకం తెరిచినప్పుడు వాళ్ళు తలదించుకుంటారు. తెలుగు పాటల్నే ఒడియా లిపిలో పెద్ద చార్టు మీద రాయించండి, ఆ రాసే పని కూడా వాళ్ళకే ఇవ్వండి. సండే స్కూల్లో పావుగంట తెలుగు అక్షరాలు నేర్పితే రెండేళ్ళలో చార్టు అవసరం కూడా తగ్గుతుంది.

సమస్య: బయట ఊళ్ళలో ఉన్నవాళ్ళు పంపడం మానేశారు

సూరత్, హైదరాబాద్, చెన్నై వెళ్ళినవాళ్ళకి పంపాలనే ఉంటుంది. కానీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు సంఘ పెద్ద ఒకాయన సొంత పేరు వస్తే చెయ్యి ఆగిపోతుంది. సంఘం పేరుతో ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు ఉండేలా. గోడకి అంటించే లెక్కల కాగితాన్నే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

గల్ఫ్ డబ్బు తీసుకోవచ్చా అని కొందరికి టెన్షన్. భారత పౌరులుగానే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అది విదేశీ విరాళం కాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు.

సాయంత్రం సభలు ఖాళీగా ఉంటే చివరి బస్సు ఎన్నింటికో చూడండి. చాలాచోట్ల అంతకు మించి కారణం ఉండదు.

సమస్య: ఒక వీధి వీధంతా ఒకేసారి రావడం మానేసింది

ఇది డబ్బు సమస్య కాదు. ఎక్కడో మాట జారింది. పెళ్ళిలో పిలవలేదనో, పెద్దల ఎన్నికలో పక్కన పెట్టారనో. అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, ఆ వీధికి కావలసిన పెద్దమనిషి ఒకరు కలిసి వెళ్ళండి. వాళ్ళు చెప్పేది మధ్యలో అడ్డురాకుండా వినండి, తప్పు సంఘానిదైతే అక్కడే ఒప్పుకోండి. కోత పండుగ ఊసు ఎత్తకండి. రసీదు పుస్తకం వెంట తీసుకెళ్ళకండి.