ట్యాబ్ కొడితే మెనూలో ఫోకస్ మాయమవుతోందా?

వెబ్‌సైట్ మెనూ సరిగ్గా పనిచేయడం లేదని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే. మౌస్ పక్కన పెట్టి చూశారా? చూసి ఉండరు. "లైట్‌హౌస్‌లో యాక్సెసిబిలిటీ స్కోరు 100 వచ్చిందండీ" అంటారు. లైట్‌హౌస్ క్రోమ్‌లో సైట్‌ని పరీక్షించే టూల్, యాక్సెసిబిలిటీ అంటే వైకల్యం ఉన్నవాళ్లు కూడా సైట్ వాడగలగడం. ఆ 100 మెషీన్ చూడగలిగిన వాటికే. కీబోర్డుతో మెనూ దాటగలమా లేదా అన్నది మనమే చూసుకోవాలి. పేజీ రీలోడ్ చేసి ట్యాబ్ నొక్కుతూ పోండి, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి రండి. కీబోర్డు ఇప్పుడు ఏ లింకు లేదా బటన్ మీదుందో అదే ఫోకస్, దాని చుట్టూ గీత కనబడుతుండాలి. రెండు నిమిషాల పని. మాక్‌లో సఫారీ వాడుతుంటే మాత్రం ట్యాబ్ మామూలుగా లింకుల మీద ఆగదు, సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి ఆన్ చేసుకోవాలి. అది తెలియక ఒక సాయంత్రమంతా బాగున్న కోడ్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఫోకస్ ఎక్కడుందో అసలు కనబడదు

సీఎస్‌ఎస్‌లో ఎవరో అవుట్‌లైన్ నన్ (outline: none) అని పెట్టి ఉంటారు. తీసేయండి. మౌస్‌తో నొక్కినప్పుడు కూడా గీత వస్తోందని డిజైనర్ గొడవ పెడితే ఫోకస్ విజిబుల్ (:focus-visible) సెలెక్టర్ వాడండి, కీబోర్డు వాడేవాళ్లకు గీత కనబడుతుంది, డిజైనర్‌కూ బాధ ఉండదు.

మౌస్‌తో తెరుచుకునే సబ్‌మెనూ కీబోర్డుతో తెరుచుకోదు

డివ్‌కి (మామూలు డబ్బా ట్యాగ్, div) క్లిక్ తగిలించి బటన్ అనుకున్నారు, లేదా హోవర్ మీదే ఆధారపడ్డారు. వేరే పేజీకి తీసుకెళ్లేది లింకు, ఇక్కడే ఏదైనా తెరిచేది బటన్. ఆ బటన్‌కి ఏరియా ఎక్స్‌పాండెడ్ (aria-expanded) పెట్టి, తెరిస్తే ట్రూ, మూస్తే ఫాల్స్ చేయండి. సైట్ మెనూకి రోల్ మెనూ (role="menu") మాత్రం పెట్టకండి. అది పెడితే బాణం కీలతో తిరగొచ్చని స్క్రీన్ రీడర్ (స్క్రీన్ మీదున్నది పైకి చదివి చెప్పే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు అనుకుంటారు, మీరేమో ఆ కోడ్ రాసి ఉండరు.

ఫోకస్ బాగానే కదులుతూ మధ్యలో మాయమై, కాసేపటికి మళ్లీ వస్తుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక కాలేజీ సైట్‌లో లోగో మీద ఉండగా ట్యాబ్ కొడితే గీత పోయేది. 12 సార్లు ఖాళీగా కొట్టాక మెనూలో మొదటి లింకు మీద ప్రత్యక్షమయ్యేది. అవుట్‌లైన్ సరిగ్గానే ఉంది. బ్రౌజర్ తిక్క అనుకుని వదిలేశాను. తర్వాత ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో ఆ సైట్ వాడే ఒక చూపు లేని విద్యార్థి ఫోన్ చేసి, "సార్, మీ మెనూ రెండుసార్లు ఎందుకు చదువుతోంది?" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది.

రెండో మెనూ ఫోన్ కోసం పెట్టింది. మూడు గీతల బటన్ నొక్కితే ఎడమ నుంచి జారుకుంటూ వచ్చే డ్రాయర్. మూసినప్పుడు ట్రాన్స్‌ఫార్మ్‌తో దాన్ని స్క్రీన్ బయటికి తోసేశాం, అంతే. మన కంటికి లేదు గానీ బ్రౌజర్‌కి ఉంది. 11 లింకులు, మూసే గుర్తు ఒకటి, మొత్తం 12. లెక్క సరిపోయింది. ఒపాసిటీ సున్నా చేసి దాచినా, ఎత్తు సున్నా చేసి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టినా ఇదే కథ.

మీ సైట్‌లోనూ ఇదేనా అని తేల్చుకోవాలంటే క్రోమ్ కన్సోల్‌లో కంటి బొమ్మ నొక్కి లైవ్ ఎక్స్‌ప్రెషన్‌లో డాక్యుమెంట్ డాట్ యాక్టివ్ ఎలిమెంట్ (document.activeElement) అని పెట్టండి. పేజీలో ట్యాబ్ కొడుతుంటే ఫోకస్ ఏ లింకు మీదుందో అక్కడ మారుతూ కనబడుతుంది.

నేను మొదట చేసిన రిపేరు రోగం కంటే ఘోరం. డ్రాయర్‌కి ఏరియా హిడెన్ ట్రూ (aria-hidden="true") పెట్టాను. అది స్క్రీన్ రీడర్‌కి చెప్పొద్దంటుందే గానీ ట్యాబ్‌ని ఆపదు. ఫోకస్ మళ్లీ అదే 12 చోట్లకి వెళ్తుంది, ఈసారి అవేమిటో సరిగ్గా చదివి చెప్పే దిక్కు కూడా లేదు.

అసలు మందు ఇది. పెద్ద స్క్రీన్‌లో డ్రాయర్ అక్కర్లేదు కాబట్టి మీడియా క్వెరీలో (స్క్రీన్ సైజును బట్టి పనిచేసే సీఎస్‌ఎస్) డిస్‌ప్లే నన్ (display: none). ఫోన్‌లో డిస్‌ప్లే నన్ పెడితే జారే యానిమేషన్ పోతుందని అందరి భయం. మూసి ఉన్నప్పుడు విజిబిలిటీ హిడెన్ పెట్టి, జారడానికి 300 మిల్లీసెకన్లు పడితే విజిబిలిటీ ట్రాన్సిషన్‌కి అంతే డిలే ఇవ్వండి. జారడం పూర్తయ్యాకే దాక్కుంటుంది. తెరిచేటప్పుడు ఆ డిలే సున్నా. లేదంటే ఇనర్ట్ (inert) ఆట్రిబ్యూట్ వాడండి, అది పెట్టిన భాగంలోకి ఫోకస్ పోదు, స్క్రీన్ రీడరూ చదవదు. 2023 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది. వరుస మాత్రం తప్పొద్దు. తెరిచేటప్పుడు ముందు ఇనర్ట్ తీసి ఆ తర్వాత ఫోకస్ లోపలికి పంపాలి, మూసేటప్పుడు ముందు ఫోకస్‌ని మూడు గీతల బటన్ మీదికి తెచ్చి ఆ తర్వాత ఇనర్ట్ పెట్టాలి. ఎస్కేప్ కీతో కూడా మూసుకోవాలి.

ప్రతి పేజీలో మెనూ అంతా దాటితే గానీ విషయం రాదు

మెనూ దాటించి నేరుగా విషయానికి తీసుకెళ్లే స్కిప్ లింకు లేదు, లేదా ఉన్నా డిస్‌ప్లే నన్‌తో దాచారు. ఇక్కడ పైదానికి పూర్తిగా రివర్స్. దీన్ని స్క్రీన్ బయటికి తోసే దాచాలి, ఫోకస్ రాగానే లోపలికి రావాలి. నొక్కాక హెడింగ్ వెళ్లి, పేజీ పైన అతుక్కున్న హెడర్ కింద దాక్కుంటే స్క్రోల్ ప్యాడింగ్ టాప్‌కి (scroll-padding-top) హెడర్ ఎత్తు ఇవ్వండి.

తెలుగు మెనూని స్క్రీన్ రీడర్ వదిలేస్తోంది, లేదా అక్షరం అక్షరంగా చదువుతోంది

హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో పేజీ భాషను చెప్పే లాంగ్ (lang) ఇంకా ఇంగ్లీషే. టెంప్లేట్ దించుకున్న రోజు నుంచి అలాగే ఉండిపోయి ఉంటుంది. తెలుగు కోడ్ రెండక్షరాలు, టీ ఈ (te). మార్చాక కూడా అంతే అయితే ఆ కంప్యూటర్‌లో తెలుగు వాయిస్ ఉందో లేదో చూడండి.

ఇవేవీ కాకపోతే ఎవరో ట్యాబ్ వెళ్లే వరుసను మార్చే ట్యాబ్ ఇండెక్స్‌కి (tabindex) 1, 2, 3 అని నంబర్లు వేసి ఉంటారు, అన్నీ తీసేయండి. చాట్ విడ్జెట్ ఫోకస్‌ని లాక్కుంటోందేమో దాన్ని ఆపి చూడండి. బ్రౌజర్ బగ్ అంటారా, ఇన్నేళ్లలో నాకు ఒక్కటి తగల్లేదు.