నవంబర్ వేట: జింకను పిలిచే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో చాలాచోట్ల వైట్‌టెయిల్ జింకలు జతకట్టే కాలం నవంబర్‌లో ఊపందుకుంటుంది. గ్రంట్ కాల్ (మగజింకలా గుర్రుమనే శబ్దం చేసే ఊదుడు గొట్టం) పట్టుకుని అడవికి వెళ్లే మనవాళ్ల కోసం ఇవి.

- పబ్లిక్ ల్యాండ్‌లో (అందరూ వేటాడే ప్రభుత్వ భూమిలో) మగజింకలు పోట్లాడుతున్నట్టు కొమ్ములు ఒకదానికొకటి కొట్టి చప్పుడు చేయకండి. జింక కంటే ముందు ఇంకో వేటగాడు తుపాకీతో రావచ్చు. ఎక్కడ పిలిచినా ఆరెంజ్ జాకెట్ తీయొద్దు, వెడల్పాటి చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి.

- గాలి ఎటు వీస్తోందో చూడండి. ముదురు మగజింక పిలుపు విని నేరుగా రావడం తక్కువ. చుట్టు తిరిగి, మీ వాసన తనకు తగిలే వైపు చేరాలని చూస్తుంది. ఆ వైపు మీకు బాగా కనబడాలి. నా దృష్టిలో కాల్ ఎంత ఖరీదైనదన్న దానికంటే ఇదే ముఖ్యం.

- జింక మీ వైపు చూస్తుంటే, నడిచి వస్తుంటే ఊదొద్దు. చెవులు తిప్పి చోటు పసిగడుతుంది. అక్కడ ఇంకో జింక కనబడకపోతే తెల్లతోక లేపి పరుగే. వెళ్లిపోతుంటే మాత్రం మెల్లగా ఒక్కసారి.

- రికార్డు చేసిన శబ్దాలు వినిపించే ఎలక్ట్రానిక్ కాల్స్ కొన్ని రాష్ట్రాల్లో నిషేధం. ఈ సీజన్ రూల్స్ చదవండి.

- కాల్‌ను కోటు లోపల పెట్టుకోండి. గడ్డకట్టే చలిలో ఊపిరి తేమకు రీడ్ (లోపల అదురుతూ శబ్దం చేసే పలుచని రేకు) బిగుసుకుంటుంది.