ఇంగ్లిష్ డిగ్రీకి ఎంత అప్పు చేయొచ్చు? అమెరికాలో జీతం, లోన్ లెక్క వేసుకోవడం ఎలా?

అమెరికాలో పిల్లలు ఇంగ్లిష్ మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) తీసుకుంటామనగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. "ఉద్యోగాలు రావు" అని ఒకరు, "ఇష్టమైంది చదవనీ" అని ఇంకొకరు. నన్నడిగితే ఇంగ్లిష్ నిక్షేపంగా చదవొచ్చు. కాకపోతే ఎంత అప్పు మీద చదువుతున్నారో సంతకం పెట్టకముందే తెలియాలి. కాగితం, కాలిక్యులేటర్ ఉంటే ఒక్క సాయంత్రంలో తేలిపోయే లెక్క ఇది.

1. ముందు అసలు ఖర్చు తేల్చండి

కాలేజీ ప్రకటించే ఫీజు చూసి భయపడొద్దు, మురిసిపోవద్దు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం అందుకునే కాలేజీలు 2011 నుంచి దాన్ని పెట్టి తీరాలి. మీ ఆదాయ వివరాలు ఇస్తే గ్రాంట్లు (తిరిగి కట్టనక్కర్లేని సాయం), స్కాలర్‌షిప్‌లు పోను మీ చేతి నుంచి పడేది సుమారుగా చెబుతుంది.

సీటు వచ్చాక ఎయిడ్ ఆఫర్ లెటర్ (మీకిచ్చే ఆర్థిక సాయం వివరాల ఉత్తరం) పంపుతారు. చాలా లెటర్లలో లోన్లను కూడా సాయం కిందే కలిపేస్తారు. వడ్డీతో తిరిగి కట్టాల్సిన డబ్బు సాయం ఎలా అవుతుంది? ఆ వరుసలు కొట్టేసి మళ్లీ కూడండి.

2. అప్పు ఎంతవుతుందో రాసుకోండి

తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏటా 7,500 డాలర్ల దాకా ఇస్తారు. నాలుగేళ్లకు 27,000. ఇందులో సబ్సిడీ లోన్ 19,000 దాటదు. దాని మీద చదువుతున్నంత కాలం వడ్డీ పడదు. మిగతా 8,000 మీద డబ్బు అందిన రోజు నుంచే పడుతుంది. 2025–26లో వడ్డీ 6.39 శాతం. అన్ని ఏళ్లకూ అదే రేటు అనుకుంటే, డిగ్రీ ముగిసి, వాయిదాలు మొదలయ్యే ముందు ఇచ్చే ఆరు నెలల గడువు కూడా అయ్యేసరికి బాకీ సుమారు 28,500 డాలర్లు. సబ్సిడీ అవసరాన్ని బట్టి ఇస్తారు కాబట్టి అది రానివారికి బాకీ ఇంకా పెరుగుతుంది.

దాన్ని 10 ఏళ్లలో తీర్చాలంటే నెలకు 322 డాలర్లు. 2026 జూలై 1 నుంచి తీసుకునే కొత్త లోన్లకు, బాకీ 25,000–50,000 మధ్య ఉంటే స్టాండర్డ్ గడువు 15 ఏళ్లు. అప్పుడు నెలకు 247 డాలర్లే కడతారు, కానీ మొత్తం వడ్డీ 10,100 నుంచి 15,900 దాకా ఎగబాకుతుంది. అందుకే గడువు ఎంత ఇచ్చినా లెక్క మాత్రం 10 ఏళ్లకే వేయండి.

3. జీతం చూడండి, జాగ్రత్తగా

అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ సైట్‌లో మీ కాలేజీ పేరు కొట్టి, ఇంగ్లిష్ ప్రోగ్రామ్ ఎంచుకోండి. అక్కడ చదివినవాళ్ల మీడియన్ (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ ఉండే మధ్య అంకె) జీతం, మీడియన్ అప్పు కనిపిస్తాయి. దేశం మొత్తానికి ఇచ్చే సగటు కన్నా ఇది మీకు చాలా ఎక్కువ పనికొస్తుంది.

అయితే ఆ అంకెల్లో ఎవరున్నారో గమనించండి. ఫెడరల్ సాయం తీసుకున్నవాళ్లే లెక్కలోకి వస్తారు. పై చదువుల్లో ఉన్నవాళ్లను జీతం లెక్కలో కలపరు. ఇంగ్లిష్ చదివి లా వైపో, ఎంఏ వైపో వెళ్లేవాళ్లు బోలెడుమంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పైగా అక్కడ కనిపించే అప్పులో ప్రైవేట్ లోన్లు ఉండవు. ప్రోగ్రామ్ మరీ చిన్నదైతే అసలు అంకెలే ఇవ్వరు.

ఉద్యోగాన్ని బట్టి జీతం కావాలంటే కార్మిక గణాంకాల శాఖ పేజీలు చూడండి. 2023లో టెక్నికల్ రైటర్ల మీడియన్ జీతం 80,000 డాలర్ల దగ్గర, ఎడిటర్లది 75,000 దగ్గర ఉంది. ఇందులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉంటారు. మొదటి ఉద్యోగానికి ఈ అంకె వేసుకోకండి.

4. రెండింటినీ పక్కపక్కన పెట్టండి

మొదటి జీతం ఏడాదికి 42,000 అనుకుందాం. నెలకు 3,500. వాయిదా 322 అంటే పన్నులకు ముందు జీతంలో 9 శాతం పైచిలుకు. నేను 10 శాతాన్ని గీత అనుకుంటాను, కాబట్టి ఇది నెట్టుకురాగల అప్పే.

ఇప్పుడు దీనికి 40,000 డాలర్ల ప్రైవేట్ లోన్ కలపండి. వడ్డీ 9 శాతమైతే పదేళ్లకు నెలకు ఇంకో 507. మొత్తం 829, జీతంలో దాదాపు నాలుగో వంతు. డిగ్రీ అదే, ఉద్యోగమూ అదే. అద్దె కట్టాక చేతిలో మిగిలేది మాత్రం చాలా తక్కువ. ఈ రెండో దారిలో వెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

5. లెక్క కుదరకపోతే

కోర్సు మార్చే ముందు ఖర్చు తగ్గించి చూడండి. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుండే స్థానిక రెండేళ్ల కాలేజీ) చదివి, అక్కడి క్రెడిట్లు (పూర్తిచేసిన కోర్సుల లెక్క) చెల్లుతాయని ముందే రాతపూర్వకంగా తీసుకుని, సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీకి మారడం చాలామందికి కలిసొస్తుంది. టీచర్ కావాలనుకునేవాళ్లు ప్రభుత్వ స్కూల్లో పనిచేస్తూ అర్హత ఉన్న 120 నెలవారీ చెల్లింపులు పూర్తిచేస్తే మిగిలిన ఫెడరల్ బాకీ మాఫీ అవుతుంది. ఇది ప్రైవేట్ లోన్లకు వర్తించదు.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లేవాళ్లకు పైన చెప్పిన ఫెడరల్ లోన్లు రావు. ఇంగ్లిష్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు కాదు కనుక డిగ్రీ తర్వాత ఓపీటీ (అక్కడ పనిచేసేందుకు ఇచ్చే తాత్కాలిక అనుమతి) 12 నెలలే. ఇండియాలో తీసుకున్న లోన్‌ను ఆ 12 నెలల్లో ఎంతవరకు తీర్చగలరు, మిగతాది రూపాయల జీతంతో కట్టగలరా అన్నది విడిగా లెక్క వేసుకోండి.

చివరగా, డిపార్ట్‌మెంట్‌కు ఒక మెయిల్ రాయండి: గత రెండు మూడు బ్యాచ్‌లవాళ్లు ఇప్పుడు ఏ ఉద్యోగాల్లో ఉన్నారు, చదువుతుండగా ఇంటర్న్‌షిప్ ఎంతమందికి దొరికింది? సూటిగా జవాబిచ్చిన కాలేజీని జాబితాలో పైకి జరపండి.